మూడు వేల ఏళ్ల దాహం

సెప్టెంబర్ 2, మంగళవారం

గొంతుకు విశ్రాంతి ఇవ్వాలన్నారు డాక్టరు గారు. అవసరమైతే తప్ప మాట్లాడకూడదట. నేను నోరు మూసుకుని ఉన్నది ఎప్పుడు? అమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా ఏదో ఒకటి వాగే ఉంటాను. అందుకే ఈ డైరీ. నోటికి తాళం వేస్తే చెయ్యి ఊరుకోవడం లేదు.

థైరాయిడ్ గడ్డ తీసి రెండు నెలలైంది. గడ్డ ప్రమాదకరమైంది కాదని తేలింది, దేవుడి దయ. కానీ అది గొంతు నరానికి అతుక్కుని ఉండటంతో తీసేటప్పుడు నరం దెబ్బతింది. మొదట్లో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఇప్పుడు గరగరమంటూ ఏదో వస్తోంది. ఇవాళ నిన్నటికంటే బాగుంది.

పొద్దున గ్యాస్ సిలిండర్ అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, ఇంట్ల మేడం లేదా?" అన్నాడు. నేనే మేడంని అన్నాను. "మజాక్ జెయ్యకన్నా, జల్దీ ఓటీపీ జెప్పు" అన్నాడు. చెప్పాను. ఏం చేస్తాం మరి.

సెప్టెంబర్ 3

గొంతు బాగుంది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఇవాళ ఒళ్లు మండిపోయి రాస్తున్నాను.

ఆదిత్య ఫోన్ చేశాడు. 'మట్టిరాణి' ఆడియో సీరియల్ రాసేది అతనే. భీమవరం నుంచి వచ్చి యాప్రాల్‌లో అద్దెకుంటున్న పిల్లాడు, రాక్షసులు, మంత్రగత్తెలు తప్ప వేరే ఏదీ రాయడు. రెండేళ్లుగా అందులో యువరాణి వసుమతి గొంతు నాది. నలభై రెండేళ్ల నేను, పద్దెనిమిదేళ్ల వసుమతిని! శ్రీలేఖ మేడం గొంతుకు వయసు లేదని అందరూ అంటుంటే మురిసిపోయేదాన్ని. నా ఆపరేషన్ కోసమే సీరియల్‌కు విరామం ఇచ్చారు. ఇక ఆగలేరట. వసుమతిని నవ్యశ్రీ అనే కొత్త అమ్మాయికి ఇచ్చేశారట.

అక్కడితో ఆగినా బాగుండేది. "మీకు ఇంకో పాత్ర ఉందండి మేడం. వసుమతి కొత్త కోటకి పునాది తవ్విస్తుంటే ఒక రాతి సమాధి బయటపడుతుంది. అందులోంచి మూడు వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన మాంత్రిక రాణి లేస్తుంది. మీ ఇప్పటి గొంతు దానికి దేవుడిచ్చినట్టు సరిపోద్దండి" అన్నాడు.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబర్ 6, శనివారం

వినాయక నిమజ్జనం. సుచిత్ర చౌరస్తా నుంచి లారీలు, డీజేలు. ఆ మోతలో అపార్ట్‌మెంట్ మొత్తం సైగలతోనే మాట్లాడుకుంది. ఒక్కరోజైనా ఊరంతా నాలాగే ఉంది.

సెప్టెంబర్ 9

సాయంత్రం మహేష్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చి శామీర్‌పేట చెరువు దాకా తీసుకెళ్లాడు. కట్ట మీద మొక్కజొన్న పొత్తులు తిన్నాం. నేను ఏదో అంటే వంగి మరీ విన్నాడు, ప్రతి మాటకూ తలాడించాడు.

పదిహేడేళ్ల కాపురంలో నా నోటి మీద జోకు వేయని రోజు లేదు మహేష్‌కి. "నీ ముంగట రేడియో గూడ సిగ్గుపడ్తది" అనేవాడు. ఆపరేషన్ అయ్యాక ఒక్క జోకు కూడా వేయలేదు. నాకు అన్నిటికంటే అదే భయంగా ఉంది.

సెప్టెంబర్ 11, గురువారం

వద్దన్నా ఆదిత్య కొత్త ఎపిసోడ్ పంపాడు. చదవకూడదనుకుంటూనే చదివాను.

రాణి పేరు మృత్తిక అట. మట్టి అని పెట్టడానికి మొహమాటం. సమాధి బండ పగులుతుంది, శవం లేస్తుంది, జుట్టు మోకాళ్ల దాకా ఉంటుంది. మూడు వేల ఏళ్లయినా ఊడలేదు, నాకు రెండు నెలలకే దువ్వెన నిండుతోంది. ఏ నూనె రాసుకుందో మహాతల్లి. లేచీ లేవగానే ఒక కేక: "నెత్తురు! నా రాజ్యం కాజేసిన మీ నెత్తురు తాగుతా!" అప్పుడు వసుమతి కెవ్వుమంటుంది. మూడో భాగంలో ఆవిడను కాల్చేస్తారు. అంటే నా పాత్ర మూడు భాగాల ముచ్చట.

మహేష్ ఆఫీసుకు వెళ్లాక బాత్రూమ్ తలుపు వేసుకుని ఆ కేక వేసి చూశాను. 'నె' దగ్గరే గొంతు పట్టేసింది. దగ్గు తెర. కళ్లలో నీళ్లు. చాలాసేపు అక్కడే బకెట్ మీద కూర్చున్నాను.

యువరాణికి పనికిరాకపోతే సరే. రాకాసికి కూడా పనికిరాకపోతే ఇక నేను దేనికి?

సెప్టెంబర్ 12

గొంతు పర్వాలేదు. నిన్న తొందరపడ్డాను. ఇంకొన్నాళ్లకు కేక వస్తుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఆదిత్యకు సరేనని మెసేజ్ పెట్టాను. రికార్డింగ్ ఇరవై ఆరున. ఊరికే, కాలక్షేపానికి ఒప్పుకున్నాను. అంతకంటే ఏమీ లేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

రావల్కోల్ నుంచి అన్న ఫోన్. జనార్ధన్ అన్నకు పొలం, ప్లాట్లు, పార్టీ, మూడు పడవల మీద కాళ్లు. వచ్చే ఆదివారం పెత్తరమాస, తప్పకుండా రమ్మన్నాడు.

"సత్యమ్మత్తకు తుంటి ఎముక ఇరిగింది గదనే. చెలకల దాక నడువలేదు. గుండ్లకాడ ఈసారి నువ్వే పిలువాలె."

పిలవడమా, నేనా అనుకున్నాను.

మా మెట్ట చెలక చివర పెద్ద పెద్ద రాతి గుండ్లు వలయంగా ఉంటాయి. మధ్యలో నేలలోకి దిగిన ఒక బండ. ఊళ్లో వాటిని రాకాసి గుండ్లంటారు. ఏ కాలపు మనుషులదో సమాధి. తవ్వకాల వాళ్లెవరో చూసి మూడు వేల ఏళ్ల నాటిదని చెప్పి వెళ్లారు. పెత్తరమాస నాడు మా ఇంట్లో చచ్చిపోయిన పెద్దలందరికీ విస్తళ్లు పెట్టాక, ఒక విస్తరి ఆ గుండ్ల దగ్గరికి పోతుంది. ఆ మట్టిలో మాకంటే ముందు పడుకున్నవాళ్లు కాబట్టి వాళ్లూ పెద్దలేనని మా ఇంటి లెక్క. వాళ్లను తినడానికి పిలవాల్సింది మాత్రం ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ. ఇన్నాళ్లూ నాయిన అక్క సత్యమ్మత్త పిలిచేది. అత్త తర్వాత ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లను నేనే.

చిన్నప్పుడు పిల్లలను గట్టు మీదే ఆపేసేవారు. అత్త ఒక్కతే గుండ్లలోకి వెళ్లేది. ఏమని పిలిచేదో ఎప్పుడూ వినపడలేదు. మూడు వేల ఏళ్ల నిద్ర కదా, ఎంత గట్టిగా అరిచేదో అనుకునేదాన్ని.

"నా గొంతు సంగతి నీకు ఎరికే గదన్నా" అన్నాను.

"నువ్వేం పరేషాన్ గాకు. నేను జూస్కుంట" అన్నాడు. ఆ మాట ఆయన ఓటర్లతో కూడా అంటాడు.

అన్నట్టు, ఆదిత్యకు ఈ గుండ్ల సంగతి చెప్పింది నేనే. టీ తాగుతూ విస్తరి గురించి, అత్త గురించి అంతా చెప్పాను. అతను రాకాసి అనే మాట ఒక్కటే పట్టుకుపోయాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

డాక్టరు గారి దగ్గరికి వెళ్లొచ్చాం. వాన. సుచిత్ర దగ్గర ట్రాఫిక్.

సెప్టెంబర్ 20

గొంతు బాగుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం, పెత్తరమాస

ఇవాళ చాలా రాయాలి.

పొద్దున్నే రావల్కోల్ చేరాం. భవాని వదిన అప్పటికే గారెలు, పాయసం, మటన్ కూర చేసేసి చెమటలు కక్కుతోంది. గోడ వారగా విస్తళ్లు పరిచారు. ఎవరికి ఇష్టమైంది వాళ్లకు. తాతకు కల్లు, నాయినకు బీడీల కట్ట. బతికున్నప్పుడు బీడీ కాల్చినందుకు నాయినను అమ్మ తిట్టని పూట లేదు, ఇప్పుడు అగ్గిపెట్టె మర్చిపోయారని వదిన మీద కేకలేసింది.

సత్యమ్మత్త మంచం మీదే కూర్చుని అజమాయిషీ చేస్తోంది. నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమన్నడే డాక్టరు?"

ఎవరికీ చెప్పలేదు. మహేష్ పక్కనే ఉండి విన్నాడు కాబట్టి అతనికి చెప్పాల్సిన పని పడలేదు. ఇక్కడ కూడా రాయలేదు. రాస్తే నిజమైపోతుందని. ఒక పక్క నరం ఇక కదలడం లేదని, పాత గొంతు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దని శుక్రవారం ఆయన మెల్లగా, చాలా మర్యాదగా చెప్పారు.

"ఇగ రాదంట అత్తా" అన్నాను. అంతే, ఏడుపొచ్చేసింది. అత్త ఊరుకోబెట్టలేదు. తన చీర కొంగు నా చేతిలో పెట్టి, అది తడిసేదాకా ఆగింది.

అప్పుడే బయట ఏదో దొర్లిన చప్పుడు. అన్న చక్రాల స్పీకర్ లాక్కొస్తున్నాడు. మీటింగుల్లో వాడేది. దాని మీద పార్టీ స్టిక్కర్ కూడా ఉంది.

"ఏందిరా గది?" అంది అత్త.

"చెల్లె గొంతు మంచిగ లేదు గద. మైకుల పిలుస్తె గుండ్లదాక ఏంది, మేడ్చల్ దాక ఇనవడ్తది" అన్నాడు అన్న గర్వంగా.

"మైకు వెట్టి పిలువనీకి వాళ్లేమన్న నీ ఓటర్లార్రా?" అంది అత్త. ఇల్లంతా గొల్లుమంది. అన్న స్పీకర్‌ను మంచం వెనక్కి తోసేశాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "మైకు లేకుంటె నాతోని కాదత్తా. నా గొంతు గీ గడప గూడ దాటదు" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఎవలు దాటమన్నరు? ఒర్రి పిలుస్తరనుకుంటున్నవా? నిద్రవోయినోళ్లను ఒర్రి లేపుతరా ఎవలన్న? జడుసుకుంటరు. పక్కన గూసోవాలె. బండ మీద చెయ్యి వెట్టాలె. ముందు నీళ్లు వొయ్యాలె, అన్నం తర్వాత. గప్పుడు మెల్లగ అనాలె, లేవుండ్రి, పొద్దెక్కింది, నీళ్లు తాగుండ్రి, తిని మల్ల పండుండ్రి అని. గంతే."

"గంతేనా?"

"ఇంకేముంటది? గొంతు ఎంత మెల్లగుంటె గంత మంచిది. నీ లెక్క ఉన్నా సరే" అంది.

గుండ్ల విస్తట్లోకి గారెలు పెట్టరు. సంకటిలా ఉండే జొన్న గట్క, ఉల్లిగడ్డ. వాళ్ల కాలంలో గారెలున్నాయో లేవో ఎవరికి ఎరుక అంటుంది అత్త. వదిన నీళ్ల ముంత పట్టుకుని గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. చుట్టూ అన్న వేసిన ప్లాట్ల హద్దురాళ్లు, తెల్ల రంగువి. గుండ్లున్న జాగా మాత్రం అత్త మాటకు భయపడి పార్కు కింద వదిలేశాడు.

లోపలికి ఒక్కదాన్నే వెళ్లాను. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. బండ పక్కన కూర్చుని చెయ్యి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది. బండ మొదట్లో నీళ్లు పోస్తే బుసబుస ఇంకిపోయాయి. ఇంకొంచెం పోశాను. అవీ ఇంకిపోయాయి. ఎంత దాహం మీద ఉన్నారో పాపం అనిపించింది.

"లేవుండ్రి, పొద్దెక్కింది" అన్నాను.

గొంతు పట్టేయలేదు, దగ్గు రాలేదు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, ఉన్న గొంతు చేయాల్సిన పనికి సరిగ్గా సరిపోయింది. మిగతా మాటలు కూడా అన్నాను. తినమన్నాను, తిని మళ్లీ పడుకోమన్నాను. ఎవరో తెలియదు. ఆడో మగో తెలియదు. నాకు వాళ్ల మీద జాలి, ప్రేమ రెండూ కలిగాయి. అంత పొడుగు నిద్ర పోయినవాళ్లు లేస్తే కేకలెందుకు వేస్తారు? ముందు గొంతు పెగలాలి కదా. ఎండిపోయి ఉంటుంది. మాట గరగరమంటూ వస్తుంది.

అచ్చం నా మాటలాగే.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పాట అందుకోమంటారని భయపడి, కాళ్ల నొప్పులని చెప్పి వచ్చేశాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఆదిత్యకు ఫోన్ చేశాను. మృత్తిక లేవగానే నెత్తురు అడగదు, నీళ్లు అడుగుతుంది అన్నాను.

"శవం మంచినీళ్లడిగితే ఇంక భయమెక్కడుంటుందండి మేడం? జనాలు జడుసుకోవాలి కదండి."

"నువ్వు నిద్ర లేవగానే ఏం అడుగుతావు?"

"కాఫీ అడుగుతానండి."

"చూశావా" అన్నాను.

నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. కాసేపు నసిగి అసలు సంగతి చెప్పాడు. స్టూడియో యజమాని వెంకటేశ్వరరావు గారికి నా మీద నమ్మకం లేదట. కేక వేయగలిగిన ఇంకో ఆవిడ శాంపిల్ తెప్పించి పెట్టుకున్నారట. శుక్రవారం నా వల్ల కాకపోతే ఆ పాత్ర ఆవిడకే. ఆ తర్వాత పిలవడానికి వాళ్ల దగ్గర నాకు సరిపోయే పాత్రలు ఏమీ లేవు.

"ముందు కేక ఇవ్వండి మేడం. టైముంటే మీ నీళ్లు కూడా చూద్దాం" అన్నాడు. మంచివాడే. భయస్తుడు.

సెప్టెంబర్ 25

గొంతు నిన్నటిలాగే ఉంది. రేపూ ఇలాగే ఉంటుంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

యాప్రాల్ స్టూడియో అంటే ఒక ఫ్లాట్‌లో పడగ్గది, గోడలకు నురుగు పలకలు. అద్దం అవతల రికార్డింగ్ చూసే శ్రవణ్, పక్కన ఆదిత్య, వెనక కుర్చీలో వెంకటేశ్వరరావు గారు. లోపల నా ఎదురుగా ఇంకో మైకు ముందు నవ్యశ్రీ. తెల్లగా, సన్నగా, బతుకమ్మ మీద గునుగు పువ్వులా ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి, "మీ వసుమతిని విని విని నేర్చుకున్నానండి" అంది. ద్వేషించాలని ఇంటి దగ్గర గట్టిగా అనుకుని వచ్చాను. కుదరలేదు.

కేక. మొదటిసారి సగంలో తెగిపోయింది. రెండోసారి దగ్గు. మూడోసారి గాలి. నవ్యశ్రీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అద్దం అవతల వెంకటేశ్వరరావు గారు వాచీ చూసుకుని, మైకులో చాలా మర్యాదగా, "పోనీలేండమ్మా, ముందు ఆరోగ్యం ముఖ్యం. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి" అన్నారు.

ఆ మర్యాద విన్నాక నాకు తెగింపు వచ్చింది. "ఇంకొక్కసారి సార్. కేక లేకుండా" అన్నాను. ఆయన జవాబు చెప్పేలోపే శ్రవణ్ రికార్డింగ్ ఎర్ర లైటు వేసేశాడు. రెండేళ్లుగా నా రికార్డింగులు చూసిన పిల్లాడు, వాడికి నా సంగతి తెలుసు.

కుర్చీలోంచి దిగి కింద కూర్చున్నాను. మైకు నా ఎత్తుకు దించుకున్నాను. చెయ్యి నేల మీద పెట్టాను. బండ పగిలిన చప్పుడు హెడ్‌ఫోన్లలో వినిపించింది. కాసేపు ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం తీశాను. తర్వాత పెదవులు విడిపోయేంత మాత్రం అన్నాను.

"ఎవలన్న ఉన్నరా?"

ఆగాను.

"బిడ్డా... జెరన్ని నీళ్లు."

ఇక్కడ వసుమతి కెవ్వుమనాలి. నవ్యశ్రీ నోరు తెరిచింది. కేక రాలేదు. కాగితం మీద లేని మాట వచ్చింది.

"ఉండండి, తెస్తాను."

అని నిజంగానే పక్కనున్న సీసా అందుకోబోయి, తాను రికార్డింగ్‌లో ఉన్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. సారీ సార్, సారీ సార్ అంటోంది. శ్రవణ్ లైటు ఆర్పడం మర్చిపోయాడు.

చివరికి వెంకటేశ్వరరావు గారి గొంతు వినిపించింది. "ఇదేంటయ్యా ఆదిత్యా, నాకు భయం వెయ్యలేదు. మా మామ్మ గుర్తొచ్చింది." ఇంక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి మళ్లీ ఆయనే, "ఇంకోసారి వెయ్యి, విందాం" అన్నారు.

నాలుగైదు సార్లు విన్నారు. అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. ఫోన్ చేస్తాం అన్నారు. చేస్తాం అన్నవాళ్లెవరు చేశారు?

అయినా ఇవాళ నాకు దిగులుగా లేదు. నా వల్ల అయ్యేది నేను బాగా చేశాను. వాళ్లు తీసుకోకపోయినా అది నాకు తెలుసు.

సెప్టెంబర్ 27

పొద్దున టిఫిన్ దగ్గర మహేష్ కాసేపు నన్నే చూసి, "నేను గిన్నేండ్ల సంది రాకాసితోని కాపురం జేస్తున్ననని ఆఫీసుల జెప్తె ఎవ్వడు నమ్మలే. ఇప్పుడు రికార్డింగ్ ఇనిపిస్త" అన్నాడు. అట్లకాడ విసిరాను. తగల్లేదు. ఇద్దరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నాం.

సెప్టెంబర్ 29

ఫోన్ రాలేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

అపార్ట్‌మెంట్ కింద సద్దుల బతుకమ్మ. ఈసారి దిగాను. పాట ఎత్తుకోలేదు, చెప్పేవాళ్ల వెనక కోరస్ కలిపాను. పక్కింటావిడ, "మీ గొంతు కింది స్థాయిలో కలుస్తుంటే పాట నిండుగా ఉందండీ" అంది. మొహమాటానికి అందో ఏమో. నమ్మాలని నిర్ణయించుకున్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న దసరా హడావుడిలో ఫోన్ చూసుకోలేదు. ఆదిత్యవి బోలెడు మిస్డ్ కాల్స్.

చేశాను. గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. ఆ ఎపిసోడ్ నిన్న వేసేశారట. కేక లేకుండా, నవ్యశ్రీ మాటతో సహా. వింటున్న వాళ్లందరిదీ ఒకటే ప్రశ్నట, ఆవిడకు నీళ్లు ఇచ్చారా లేదా అని. మూడో భాగంలో కాల్చేయడం కుదరదని వెంకటేశ్వరరావు గారు చెప్పేశారట. మృత్తిక ఉంటుందట, సీరియల్ ఉన్నంతకాలం.

"నాకు భయం వేస్తోంది మేడం" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇప్పటిదాకా చాలామందిని సమాధుల్లోంచి లేపానండి. లేచినవాళ్లు చంపుతారు, లేకపోతే చస్తారు. నీళ్లు తాగి కూర్చున్నావిడతో ఏం మాట్లాడించాలో నాకు తెలియట్లేదు. వసుమతి ముంత ఇచ్చింది, ఆవిడ తాగింది. ఇప్పుడేమంటుందండి?"

వంటింట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయి. కట్టేసి వచ్చి, బాల్కనీలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తొందరేం లేదు. నా ఈ గొంతుతో మాట్లాడటానికి ఎంత టైం పడుతుందో అంతా పడుతుంది.

"ఏమంటుందండి?" అన్నాడు మళ్లీ.

"ముందు పేరు అడుగుతుంది ఆదిత్యా" అన్నాను. "నీళ్లు తెచ్చిన పిల్ల పేరు. కాగితం దగ్గర పెట్టుకో, తర్వాతది చెప్తాను."